చక్రం విప్పకముందు

పాత మారుతీ జిప్సీ ముందు నుంచి గరగరమని చప్పుడు వస్తోందంటే, ఆ చప్పుడు చేయగలిగిన వస్తువులు అక్కడ ఒకటీ రెండూ కాదు. ప్యాడ్లు అరిగిపోయి వాటి వెనకున్న రేకు డిస్కును గీరుతూ ఉండొచ్చు. డిస్కుకీ దుమ్ము రేకుకీ మధ్య ఓ గులకరాయి ఇరుక్కుని ఉండొచ్చు. చక్రం బేరింగులు, కింగ్‌పిన్ బేరింగులు, హబ్ లాకు, యాక్సిల్ చివరి జాయింటు, దాని కాడను మోసే కంచు బుష్షు, క్రౌన్ పినియన్, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, ఆఖరికి బండి నడుం కింద వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసు... ఏదైనా కావచ్చు. ఛాసిస్ అంతా ఇనుమే కాబట్టి మధ్యలో పుట్టిన మోత ముందు వినిపిస్తుంది, ఎడమవైపుది కుడివైపు వినిపిస్తుంది. అందుకే మంచి మెకానిక్కుని 'చెవి పెట్టి చెప్పేస్తాడు' అని పొగడడం నాకు రుచించదు. ఇలాంటి బండి దగ్గర చెవినే నమ్ముకున్నవాడు రెండు బేరింగులు అనవసరంగా మారుస్తాడు.

విజయవాడ ఆటోనగర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన పనితనంలో నన్ను ఆకట్టుకున్నది చెవి కాదు, వరస. ఏది ముందు అడగాలి, ఏది తర్వాత చూడాలి, ఏది అప్పుడే విప్పకూడదు అన్న వరస.

ఆయన దగ్గరికి వచ్చే బళ్ళలో ఎక్కువ జిప్సీలే. సుజుకీ ఎస్‌జే 410కి మన దేశపు రూపంగా 1985 చివర్లో వచ్చిన బండి ఇది. మొదట్లో 970 సీసీ ఇంజను, తర్వాత 1300 సీసీ. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ దశాబ్దాల పాటు వాడారు. వేలంలో అమ్మేసినవి ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంకా కొండలెక్కుతున్నాయి. ముందూ వెనకా కమాను పట్టీలు, రెండు వైపులా గట్టి యాక్సిళ్ళు. మామూలుగా, అంటే టూ హైలో, వెనక చక్రాలే లాగుతాయి. లివరు ఫోర్ హైలో వేస్తే ముందువీ లాగుతాయి. అయితే ముందు చక్రాల మధ్యలో హబ్బు మీద ఒక చిన్న బిరడా ఉంటుంది. దాన్ని 'లాక్' వైపు తిప్పితేనే చక్రానికీ లోపలి షాఫ్టుకీ పొత్తు. 'ఫ్రీ'లో ఉంటే చక్రం ఒక్కటే తిరుగుతుంది, షాఫ్టు, క్రౌను, ప్రొపెల్లరు కదలవు. ఈ బిరడా గురించి తర్వాత మళ్ళీ చెప్పాలి.

రంపచోడవరం వైపు నుంచి వచ్చిన జిప్సీ ఒకటి ఆ రోజు షెడ్డులో ఉంది. అప్పటికే వేరే చోట ఎడమ చక్రం బేరింగులు రెండుసార్లు మార్పించుకున్నాడు యజమాని. చప్పుడు మాత్రం పోలేదు. మేస్త్రి స్పానర్ ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఎప్పుడొస్తోందండీ?"

"ముప్పై దాటిందంటే మొదలు."

"క్లచ్ తొక్కి వదిలేస్తే?"

"అప్పుడూ ఉంటుంది."

"బ్రేకు తొక్కితే మారుతోందా?"

"మారట్లేదు."

"ఎటు తిప్పితే ఎక్కువ?"

"ఎటైనా పెరుగుతుంది మేస్త్రీ. ఎడమకి ఇంకాస్త."

"తారు రోడ్డు మీద ఫోర్ హై వేసి నడిపారా?"

"అబ్బే, వాగుల్లోనే."

"మరి హబ్బులు ఎట్టుంచుతారు?"

యజమాని కాస్త నవ్వాడు. "ఎప్పుడూ లాక్‌లోనే ఉంచేస్తానండీ. ప్రతిసారీ దిగి తిప్పాలంటే బద్ధకం."

ఈ ఆరు ప్రశ్నల్లో ఒక్కటీ ఊసుపోకకి అడిగింది కాదు. క్లచ్ తొక్కినా మోత ఆగలేదంటే ఇంజను వేగంతో దానికి పని లేదు, చక్రం వేగంతోనే పని. బ్రేకుతో మారలేదంటే ప్యాడ్ల మీద అనుమానం సన్నగిల్లింది. చక్రం బేరింగు అయితే ఒక మలుపులో పెరిగి రెండో మలుపులో తగ్గాలి. ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది కనుక కుడిది మూలగాలి. రెండు వైపులా పెరుగుతోందంటే స్టీరింగు తిరిగినప్పుడు వంగే వస్తువేదో పాడైందన్నమాట. ఇక తారు రోడ్డు ప్రశ్న. జిప్సీకి ముందు వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు. గట్టి నేల మీద ఫోర్ హై వేసి మలుపు తిప్పితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పేచీ పడతాయి. ఆ మోత రోగం కాదు, నడిపేవాడి పొరపాటు.

అప్పుడు లేచి రెండు హబ్బులూ ఫ్రీలోకి తిప్పి, "ఒక రౌండు కొట్టి రండి" అన్నారు. బండి వెళ్ళి వచ్చింది. చప్పుడు లేదు.

ఈ ఒక్క పనితో అనుమానం సగానికి సగం తెగిపోయింది. హబ్బు ఫ్రీలో ఉన్నా బేరింగు తిరుగుతుంది, డిస్కు తిరుగుతుంది. అవే కారణమైతే మోత రావాలి కదా! రాలేదు. కాబట్టి తప్పు షాఫ్టు వైపే ఎక్కడో ఉంది. రెండుసార్లు బేరింగులు మార్చినవాడు ఈ బిరడా తిప్పి చూసి ఉంటే ఖర్చే లేదు.

మరి ఆ మెకానిక్కు బేరింగులు ఎందుకు మార్చాడు? దానికీ జవాబు దొరికింది. బండిని జాకీ మీద లేపాక మేస్త్రి ఎడమ టైరును పైనా కిందా పట్టుకుని ఊపారు. స్పష్టంగా ఆడింది. "చూశారా, ఇదే వాళ్ళకి కనపడింది" అని, కుర్రాణ్ణి పిలిచి, "ఒరేయ్, బ్రేకు తొక్కి పట్టు" అన్నారు. మళ్ళీ ఊపారు. ఇంకా ఆడుతోంది. బ్రేకు తొక్కితే డిస్కుని క్యాలిపర్ బిగించి పట్టుకుంటుంది, హబ్బూ నకిలూ ఒకే ముక్క అయిపోతాయి. బేరింగు లూజు అయితే ఆ క్షణంలో మాయమవ్వాలి. అలా కాక ఆట మిగిలిందంటే అది కింగ్‌పిన్‌ది, అంటే స్టీరింగుతో పాటు నకిల్ తిరిగే చోటిది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, మందు వేరు. ఒక పాదం సాయంతో రెంటినీ విడదీసే ఈ ఉపాయం పాత మెకానిక్కులందరికీ తెలుసంటారు. ఈ తొందర కాలంలో వాడేవాళ్ళు తక్కువ.

తర్వాత ఎడమ హబ్బు మాత్రం లాక్ చేసి, ఒక చేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ రెండో అరచెయ్యి నకిల్ మీద ఆనించారు. నన్నూ పెట్టమన్నారు. తిరగలిలో ఇసుక పడ్డట్టు ఒక గరుకు అరచేతికి తెలిసింది. స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పేసరికి అది ఎక్కువైంది. కుడివైపు అదే పరీక్ష చేస్తే నున్నగా ఉంది.

అప్పుడు విప్పారు.

నకిల్ లోపల నల్లగా, చిక్కగా ఉండాల్సిన గ్రీజు పాలు ఎక్కువైన కాఫీ రంగులో కారుతోంది. వేలికి రాసి చూపించారు: గేరు ఆయిలు, నీళ్ళు, తుప్పు. లోపలి జాయింటుని డీజిల్‌లో కడిగి, గూడుని పక్కకి వంచి, గోలీలు ఒక్కొక్కటే బయటికి తీశారు. ఆరు ఉక్కు గోలీలు. వంగిన షాఫ్టు కూడా ఒకే వేగంతో తిరిగేలా చేసేవి ఇవే. ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920ల్లో రూపొందించిన ఏర్పాటు ఇది. గోలీలు నడిచే గాడుల్లో మేస్త్రి బొటనవేలి గోరుతో గీశారు. రెండు గాడుల్లో గోరు తట్టుకుంది. "జాయింటు పోయింది. పక్కన బుష్షు కూడా పోయే ఉంటుంది" అన్నారు. కంచు బుష్షు నిజంగానే ఒక పక్కకి అరిగి ఉంది.

చాలామంది పని ఇక్కడ అయిపోతుంది: కొత్త జాయింటు, కొత్త బుష్షు, బిల్లు. ఈయనకి అసలు ప్రశ్న ఇక్కడ మొదలైంది. గేరు ఆయిలు ఇక్కడికి ఎలా వచ్చింది? యాక్సిల్ గొట్టం చివర లోపలి సీలు ఉంటుంది, ఆయిలు దాన్ని దాటకూడదు. సీలు పోయింది సరే, ఎందుకు పోయింది? పాకుతూ బండి కిందికి వెళ్ళి యాక్సిల్ హౌసింగు మీద ఉండే చిన్న బ్రీదరు విప్పి తెచ్చారు. దాని నిండా గట్టిపడిన ఎర్రమన్ను. హౌసింగు వేడెక్కితే లోపలి గాలికి బయటికి దారి లేదు, అది ఆయిల్ని సీలు మీదికి నెట్టింది. ఆ వేడి మీదే వాగులోకి దిగితే గాలి ఒక్కసారిగా చల్లబడి లోపలికి పీలుస్తుంది, సీళ్ళ అంచుల్లోంచి నీళ్ళు వస్తాయి. గ్రీజు కరిగిపోయింది, జాయింటు ఎండిపోయింది. వేలెడంత లేని బ్రీదరు మూసుకుపోవడమే అంతటికీ మూలం. అది వదిలేసి జాయింటు ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అదే కథ.

కింగ్‌పిన్‌లకి షిమ్ములు సరిచేసేటప్పుడు చేతి అంచనాతో వదలలేదు. నకిల్‌కి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, ఎంత బరువుకి కదులుతోందో చూశారు. కంపెనీ పుస్తకం చెప్పే పద్ధతే అది. బరువు చాలకపోతే మళ్ళీ విప్పి ఒక షిమ్ము తీశారు. ఈ ఓపికకి ధర కూడా ఉంది లెండి: చెప్పిన రోజుకి ఆయన ఏ బండీ ఇవ్వరు, ఈ జిప్సీ కూడా ఇవ్వలేదు.

మీ దగ్గర హబ్బులు తిప్పే పాత జిప్సీ కానీ జీపు కానీ ఉండి ముందు నుంచి గరగర మొదలైతే, ఎవరి చేతా చక్రం విప్పించకముందు రెండు హబ్బులూ ఫ్రీలో పెట్టి, లివరు టూ హైలో ఉంచి రెండు కిలోమీటర్లు నడపండి. చప్పుడు ఆగిందో ఆగలేదో గుర్తుపెట్టుకుని వెళ్ళి మెకానిక్కుకి ఆ మాటే ముందు చెప్పండి. బ్రీదరు ఎప్పుడు శుభ్రం చేశారో కూడా అడగండి.