ఎదురుచూడ్డం తెలియని లయ

గులాబీ రంగు ద్రవం, దాని అడుగున కంటికి ఆనని పలుచని పొర. పెట్రీ గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంటే ఒక మూల చిన్న ముడత పడుతుంది, విచ్చుకుంటుంది, మళ్లీ పడుతుంది. చుట్టుపక్కల ఏ కణంలోనూ చలనం లేదు. నరం లేదు, నెత్తురు లేదు, అసలు ఒళ్లే లేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది!

ఆ కణాల మూలం ఎవరి చర్మమో. నాలుగు జన్యువులు చొప్పించి చర్మకణాన్ని మూలకణంగా వెనక్కి మళ్లించవచ్చని షిన్యా యమనాకా 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో చూపించాడు. 2012లో నోబెల్ వచ్చింది. ఆ మూలకణాల్లో ఒక సంకేతాన్ని ముందు రెచ్చగొట్టి, రెండు మూడు రోజులకు దాన్నే అణిచేస్తే అవి గుండె కండరం దారి పడతాయి. మరో వారం, పది రోజులకు ఈ తొలి కదలిక.

అసలు రసఘట్టం ఆ తర్వాతే. గిన్నెలో అక్కడొక దీవి, ఇక్కడొక దీవి. ఒకటి ద్రుతంలో, ఇంకొకటి విలంబంలో, ఎవరి తాళం వారిది. మధ్యలో కణాలు పాకి ఒకదాన్నొకటి తాకుతాయి. తాకినచోట పొరల్లో సన్నని దారులు తెరుచుకుని విద్యుత్తు అటూ ఇటూ పారుతుంది. కాసేపు తడబాటు. ఆపైన వేగంగా కొట్టేదాని వెంట రెండోది నడుస్తుంది, గిన్నె మొత్తం ఒకే దెబ్బకు ముడుచుకుంటుంది. ఏ కచేరీలోనూ తని ఆవర్తనం ఇంత నిజాయితీగా కలవగా నేను వినలేదు.

అయితే ఈ అందం మనల్ని మోసం చేస్తుంది. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కండర కణాలు చచ్చిపోతాయి. పెద్దయ్యాక అవి ఏడాదికి ఒక శాతానికి మించి కొత్తగా పుట్టవు. ఆ లోటు పూడ్చాలని సియాటిల్‌లో చార్లెస్ మరీ బృందం పిండ మూలకణాల నుంచి పెంచిన వంద కోట్ల కణాలను మకాక్ కోతుల దెబ్బతిన్న గుండెల్లో నాటింది. 2014లో ఫలితాలు వచ్చాయి. కండరం పెరిగింది, రక్తనాళాలు అల్లుకున్నాయి, కోతి గుండెతో కలిసి కొట్టుకుంది. కానీ మధ్యమధ్య లయ తప్పింది.

కారణం ఉంది. ముదిరిన జఠరిక కండరం తనంతట తాను కొట్టుకోదు. పైన కుడి కర్ణికలో పుట్టే సంకేతం వచ్చేదాకా ఆగుతుంది. గిన్నెలో పెరిగింది గర్భస్థ శిశువు కణం లాంటిది, దానికి ఆగడం రాదు. మనం మురిసిపోయి చూసిన ఆ స్వయంస్పందన దాని పసితనమే.

2023లో చార్లెస్ మరీ ప్రయోగశాలే ఇంకో కణాన్ని చూపించింది. మూడు జన్యువులు తీసేసి, ఒకదాని జోరు పెంచారు. ఆ కణం ఊరికే కొట్టుకోదు. సంకేతం అందితే చక్కగా ముడుచుకుంటుంది. పందుల గుండెల్లో నాటితే ఎడతెగని లయభంగం రాలేదు. మైక్రోస్కోపు కింద పెడితే అందులో చూడ్డానికేమీ ఉండదు, ఎంతసేపు కూర్చున్నా కదలదు. నా ఓటు మాత్రం దానికే.