తేరు కీళ్లలోని నేర్పు

తిరువళ్లూరు వీరరాఘవస్వామికి ఏటా రెండు బ్రహ్మోత్సవాలు. తమిళ తై మాసంలో తేరు కదిలేనాటికి ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి ఎన్నాళ్లో అయి ఉండదు, కొయ్యలో చెమ్మ ఇంకా ఉంటుంది. చిత్తిరైలో కదిలేనాటికి ఎండ ఆ చెమ్మనంతా లాగేస్తుంది. కొయ్య నిలువునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. వానల్లో బిగించిన నట్టు వేసవికి వదులయ్యేది అందుకే. ఈ రెండు కాలాలకూ తట్టుకునే కీలు వేయడంలోనే తేరు వడ్రంగి గొప్పతనం ఉంది.

పెద్ద తేరు అడుగు దూలాలను చూడండి. ఒకదాని కొసను సన్నగా చెక్కిన కుసి మరొకదాని బెజ్జంలో కూర్చుంటుంది. బరువును మోసేది కొయ్య మీద ఆనిన కొయ్యే. కుసి జారిపోకుండా పట్టి ఉంచడమే చీల పని. దూలం కంటే గట్టి కొయ్యతో, బాగా ఆరబెట్టి చీల చేస్తారు. బెజ్జంలోకి వెళ్లాక అది గాలిలోని చెమ్మ పీల్చి ఉబ్బి, మరింత బిగుసుకుంటుంది.

వందల చేతులు మోకులు లాగినప్పుడు తేరు కుదుపుతో కదులుతుంది. కీళ్లు విడిపోయేలా లాగే ఆ బలానికి ఇనప బోల్టు, పట్టీ కావాలి. నట్టు కింద వెడల్పాటి వాషర్ లేకపోతే కొయ్య నలిగి గుంటపడుతుంది. బోల్టు దూలం చివరకు మరీ దగ్గరైతే చీలిక పుడుతుంది. అందుకే చివరి నుంచి బోల్టు మందానికి ఎన్నో రెట్లు ఎడం వదలాలి. బోల్టు కీళ్లకు మన దేశంలో ఐఎస్ 11096 అనే ప్రమాణం ఉంది. మేకు సంగతి వేరు. కుదుపులకు అది మెల్లగా పైకి లేస్తుంది, దూలం కొసలో దిగ్గొడితే పట్టు ఇంకా తక్కువ. చెక్కడపు పలకలకు అది చాలు, బరువు మోసే కీళ్లకు పనికిరాదు.

తిరువారూరు ఆళి తేరుకు తిరుచ్చి భెల్ కర్మాగారం ఇనప చక్రాలు, ఇరుసులు చేసిచ్చింది. ఇనుము రాకతో కొయ్య పని అక్కర తీరిపోలేదు, పై కట్టడం ఇప్పటికీ కొయ్యే.

ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ ప్రాంతంలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ తేర్లు తమవే. ఈసారి మోకు పట్టేముందు ఒక్క కీలును పరికించండి. చీలను తట్టి తీస్తే, పుచ్చిన దూలం ఒక్కటే మార్చి తక్కినదంతా నిలుపుకోవచ్చు. తరతరాలు తిరిగే తేరుకు, బిగించడంతోపాటు విప్పడానికీ వీలుండే కీలే మేలైన కీలు.