ఉప్పుమీద తేలు మంచినీరు

నూతిలోనికి ఉక్కు టేపును దింపుటకు ముందు దాని చివరి రెండు మూరలకును సుద్దముక్కతో తెల్లగా పూయుదుము. టేపు నీటిలో మునిగినంతమేర సుద్ద తడిసి రంగు మారును. పైకి లాగి ఆ తడి యంచును చూచుకొని, గట్టుమీద పట్టిన కొలతలోనుండి తడిసిన మేరను తీసివేసినచో నీరెంత లోతున నున్నదో తెలియును. యంత్రములెన్ని వచ్చినను నేనీ పద్ధతిని విడువలేదు. టేపుకొనకు కట్టిన గుండునంటి వచ్చిన నీటిచుక్కను నాలుకపై వేసికొన్నచో, ప్రయోగశాలవారు వారము దినములకు గాని చెప్పని సంగతి సగము అక్కడనే తెలిసిపోవును.

నా ఉద్యోగము నీటిని వెదకుటతో గాక నీటిని పారద్రోలుటతో ఆరంభమైనది. గోదావరి లోయలో బొగ్గుపొరలను మోయు గోండ్వానా ఇసుకరాళ్ళు నిండుగా నీరు పట్టునవి. గనిని లోతు చేసినకొలది ఆ నీరు గోడలనుండి ఊరుచుండును గనుక పంపులు రేయింబవళ్ళు నడువవలసినదే. పిమ్మట కొంతకాలము జగ్గయ్యపేట సున్నపురాతి నేలలలో తిరిగి, క్వారీ దిగినకొలది చుట్టుపట్ల బావులెట్లు జారునో లెక్కకట్టుట నేర్చితిని. ఈ విద్యనంతయు మూటగట్టుకొని సొంత సీమకు వచ్చునప్పటికి, ఇచ్చట దానిలో చాలభాగము అక్కరకు రాలేదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, ఆ పాయల నడుమ పేర్చిన ఒండ్రే దివిసీమ. ఎచ్చట పార వేసినను నీరు పడును. త్రాగుటకు మాత్రము అన్నిచోట్ల పనికిరాదు. కడలికి చాలదూరముననున్న గుడివాడ చుట్టుపట్ల గూడ బోరు వేసినచో ఉప్పు తగులుటను చూచి కొత్తవారు విస్తుపోవుదురు. కొన్నివేల యేండ్ల క్రిందట సముద్రపుటంచు ఇప్పటికన్న చాల లోపల నుండెను. కొల్లేరు నాడు కడలినంటిన ఉప్పుకయ్య. నది మట్టిని మోసి తెచ్చి తీరమును ముందునకు జరపినదేగాని, బంకమట్టి పొరలలో చిక్కిన ఆనాటి సముద్రజలము అచ్చటనే నిలిచిపోయినది. నాలుగు ఇనుపమేకులు నాటి నేలలోనికి విద్యుత్తు పంపి నిరోధమును కొలుచునప్పుడు, మంచినీటి ఇసుక ఇరువదో ముప్పదియో ఓమ్ మీటర్లు చూపుచోట ఈ బంకమట్టి ఒకటి రెండింటికి మించదు. కొలత యంత్రపు ముల్లు పడిపోవుట చూచినప్పుడెల్ల, తాతలనాటి సముద్రము కాళ్ళక్రింద కదలుచున్నట్లే నాకు తోచెడిది.

అట్టి నేలలో మంచినీరు దొరకునది పాత ఇసుకమేటలలో. ఊరిపేరు చివర తిప్ప యనియో దిబ్బ యనియో ఉన్నచో మొదట అచ్చటనే చూడుమని క్రొత్తగా చేరిన పిల్లలకు చెప్పెడివాడను. వానచినుకు ఇసుకలో ఇంకి, క్రింది ఉప్పునీటిలో వెంటనే కలిసిపోక, తేలిక గనుక దానిమీద తెప్పవలె తేలుచుండును. హాలెండు దేశపు బాడన్ గైబెన్ పందొమ్మిదవ శతాబ్ది చివరను, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లోను వేరువేరుగా కనుగొన్న సూత్రమిది: సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు నిలిచినచో క్రింద నలుబది అడుగులు దిగును. ఈ లెక్కను తిప్పి చదివినప్పుడే భయము కలుగును. పైన ఒక్క అడుగు తోడివేసినచో, కాలక్రమమున క్రిందినుండి నలుబది అడుగుల ఉప్పు పైకి తన్నుకొని వచ్చును. మన మేటలలో ఇసుక పలుచన, అడుగున బంకమట్టి. గనుక అంత ఓర్పు కూడ ఆ నేలకు లేదు.

ఆ సూత్రము పేరు ఎరుగని ఒక ముసలమ్మ పాలకాయతిప్ప వైపు ఇసుకలో చెలమ తీయుచుండగా నేను చూచితిని. మోకాటిలోతు తవ్వి ఆగినది. కొబ్బరిచిప్పతో నాలుగు దోసిళ్ళు బిందెలో పోసి, చేతులు కడిగికొని కూర్చున్నది. ఇంకొంచెము లోతు చేసినచో బిందె త్వరగా నిండును గదా యని అడిగితిని. "అడుగంటితే ఉప్పొచ్చుద్ది బాబూ. ఊరనివ్వాలి" అన్నది. నవంబరు 19, 1977 నాటి ఉప్పెన తరువాత, ఊళ్ళలోని నూతులను తోడి పోసినకొలది ఉప్పే ఊరుచున్న దినములలో, ఇట్టి చెలమలే కొన్ని కుటుంబములను బ్రదికించినవని ఆమెయే చెప్పినది. నేను చదివిన గ్రంథములలో ఎంత తోడవలెనను ప్రశ్నకు పుటలకొలది సమీకరణములున్నవి. ఎప్పుడు చిప్ప క్రింద పెట్టవలెనో అంత సూటిగా చెప్పిన పుట నాకు కనబడలేదు.

తక్కిన డెల్టాను కాపాడుచున్నది వాన ఒక్కటియే కాదు, కాలువ. విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన నాటినుండి, దానికి బదులు ప్రకాశం బ్యారేజి 1957లో లేచిన పిమ్మటను, కాలువగట్లనుండియు వరిమడులలో నిలిచిన నీటినుండియు ఇంకిన తేమయే ఉప్పును క్రిందికి అణచిపెట్టుచున్నది. కాలువనీరు ఆలస్యమైన యేటనే నూతినీటి రుచి మారును. రైతు పైరును చూచుకొనుచుండగా నేను టేపును చూచుకొనుచుందును. రొయ్యలచెరువుల సంగతి వేరు; అచ్చట ఉప్పునీటిని మనమే పైకి తెచ్చి నిలువబెట్టుచున్నాము. 1996 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఆ విషయమున తీర్పు చెప్పినది, 2005లో చట్టమును వచ్చినది. ఇసుకలో ఇంకిన ఉప్పు మాత్రము వానితో వెనుకకు మరలలేదు.

ఇక చెప్పవలసినది నా తప్పు. పర్యావరణ నివేదికలు వ్రాయు రోజులలో, బందరు సమీపమున ఒక మేటను బుసక కొరకు తవ్వుటకు అనుమతి కావలెనని ఒక కంట్రాక్టరు వచ్చెను. ఆ మేట క్రింద మంచినీటి తెప్ప కలదనియు, ప్రక్క ఊరు దానిమీదనే బ్రదుకుచున్నదనియు నా కొలతలే చెప్పుచుండెను. తవ్వవలదు అను రెండు మాటలు వ్రాయవలసినచోట, బేరములకు మెత్తబడి, రెండు మీటర్ల లోతువరకు తవ్వవచ్చునని వ్రాసితిని. రెండు మీటర్లని నేను వ్రాసినంతమాత్రమున గోతిలో గీత పడునా? కొలుచువారు లేరు, ప్రొక్లెయిన్లు నీరు కనబడువరకు దిగినవి. అనుమతి కావలెనన్నవాడే మనకు డబ్బు ఇచ్చు ఏర్పాటులో కలము మెత్తబడుట సులభమని ఇప్పుడు అనుటకు నాకు హక్కు లేదు. ఆ అంకె నాది, సంతకము నాది.

ఎవరును అడుగకపోయినను ప్రతి యేడు మే నెలలో ఆ ఊరికి పోయి ఒకే ఇంటి నూతిలో టేపు దింపుచున్నాను. గోయి ఇప్పుడు తుంగతో నిండిన మడుగు. అందు ఎండకు నీరు ఆవిరియగుచుండగా అంచున తెల్లని పొర కట్టుచున్నది. నూతిలో మట్టము పెద్దగా మారలేదు, రుచి మారినది. ఈ యేడు నేను సుద్ద పూయుచుండగా ఆ ఇంటి ఇల్లాలు తలుపుదగ్గర నిలిచి చూచుచున్నది.

"ఈ నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోతున్నాయండీ. ఏమన్నా తగ్గిందా?"

గుండునంటిన చుక్కను నాలుకపై వేసికొని చూచితిని.

"ఇంకా లేదమ్మా" అంటిని.

ఆమె లోనికి పోయి ట్యాంకరు నీళ్ళతో గ్లాసు నింపి తెచ్చి నా చేతికిచ్చినది. త్రాగి, తడిసిన సుద్దను గుడ్డతో తుడిచి, తేదీ వేసి కొలత వ్రాసికొంటిని.