ఆ డబ్బా శివరాత్రి దాకా రాకూడదు

ధనుర్మాసం సగం దాటిందంటే పిండిమర దగ్గర తడిబియ్యం డబ్బాలు వరస కడతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్లలో ఆరోగ్య సలహాలూ మొదలవుతాయి. ఓట్స్ అరిసెలట, నూనె లేని జంతికలట! నాకు వాటిమీద నమ్మకం లేదు. అరిసె అరిసెలాగే ఉండాలి. ఎన్ని వండాలి, ఎవరికి ఎప్పుడు పెట్టాలి అన్నదాంట్లోనే ఉంది వండేవాళ్ల పనితనం.

పూర్వం కుంచాల లెక్కన వండింది ఇంటివాళ్లు తినడానికే కాదు. ఆడపిల్ల సారెకి, పొలం పనివాళ్లకి, ఇరుగుపొరుగుకి పోగా మిగిలిందే ఇంట్లో. ఇప్పుడు పంచడం తగ్గింది, కొలత మాత్రం తగ్గలేదు. నలుగురున్న ఇంట్లో స్టీలు డబ్బా నిండా అరిసెలుంటే శివరాత్రి దాకా వస్తాయి. అటుగా వెళ్లిన ప్రతివాళ్ల చెయ్యీ అందులోకే. మూడు రోజుల పండగ భోజనం కంటే ఆ తర్వాత నెల్లాళ్ల చిరుతిండే ఒంటికి చెరుపు అని నా లెక్క.

అందుకే మేం కిలో బియ్యానికి మించి పాకం పట్టం. నూనె సరిగా కాగకుండా వేస్తే అరిసె దాన్ని పీల్చేసుకుంటుంది, మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిటికెడు పిండి వేసి చూస్తే వెంటనే పైకి తేలాలి. తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే అంచుల వెంట నూనె కారుతుంది. చల్లారితే కారదు, సెగ మీదుండగానే నొక్కాలి. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. మూకుట్లో మిగిలిన నూనె మర్నాటి నుంచి పోపులకే, మళ్లీ వేపుళ్లకి పెట్టం. పదేపదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే హోటళ్లు వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి ఉంది. ఇంట్లో ఆ లెక్క తేల్చే మీటరుండదు కదా.

మామగారికి షుగరు. "బెల్లమే కదమ్మా, పంచదార కాదుగా" అంటారు. బెల్లంలోనూ ఎక్కువ పాలు చక్కెరే. "మీ గ్లూకోమీటరుకి ఆ తేడా తెలీదండీ మామయ్యగారూ" అంటాను. అయినా వద్దని చెప్పను. అరిసె తిన్న పూట ఓ గరిటె అన్నం తగ్గిస్తాను. అలిగినా అంతే.

పండగ విస్తట్లో పులిహోర, బూరె, పరమాన్నం చేరాక కూరకి చోటుండదు. ఇదేమో కూరల కాలం! అందుకని ముందు గుమ్మడికాయ దప్పళం, నువ్వులపొడి చల్లిన చిక్కుడుకాయ కూర వడ్డిస్తాను. అవి సగం అయ్యాకే తీపి. కనుమనాడు మినుము తినాలన్నారు గానీ మూకుడు పెట్టాలనలేదు కాబట్టి గారెల బదులు మినపరొట్టె కాలుస్తాను. పిల్లలు గొణుగుతారు, అల్లప్పచ్చడి కనబడగానే ఊరుకుంటారు.

ముక్కనుమనాడు వారానికి సరిపడా ఉంచుకుని మిగతావి పొట్లాలు కట్టి వాచ్‌మన్ ఇంటికి, పై అంతస్తు వాళ్లకి పంచేస్తాం. అత్తయ్యకి ఇది లోభితనంగా తోస్తుంది. "రేపు చుట్టాలొస్తే ఏం పెడతావే?" అంటారు. జామకాయలు కోసి ఉప్పూ కారం చల్లి పెడతాను, రేగిపళ్లు దొరికితే అవీ. అరిసె కావాలన్నవాళ్లకి అరిసే పెడతాను, ఆ వారంలో వస్తే.