ప్రాకారము లేచిన తరువాత: సుందర్‌లాల్ నివేదిక, నెహెమ్యా 5వ అధ్యాయము

మందిర నిర్మాణ కూటములలో మనము తరచుగా ఎన్నుకునే పాఠము నెహెమ్యా గ్రంథము. 52 దినములలో ప్రాకారము పూర్తియైన సంగతి (6:15) ఉత్సాహముగా చెబుతాము. 5వ అధ్యాయమును మాత్రము త్వరగా దాటిపోతాము. ఆ అధ్యాయమును హైదరాబాదు సంస్థాన చరిత్రలోని ఒక నివేదిక ప్రక్కన పెట్టి చదవడము ఈ వ్యాసములో మా ఉద్దేశము.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించింది. ఐదు రోజులలో నిజాం ప్రభుత్వము లొంగిపోయింది, రజాకార్ల దౌర్జన్యము అంతమైంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరుగా పాలన చేపట్టాడు. గెలుపునకు ప్రణాళిక ఉన్నది. గెలిచిన మరునాడు పల్లెలలోని ముస్లిములను కాపాడుటకు తగిన ప్రణాళిక లేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అదే సంవత్సరము చివర జిల్లాలలో తిరిగి, సైనిక చర్య సమయములోను ఆ తరువాతను 27,000 నుండి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ప్రభుత్వము ఆ నివేదికను ప్రచురించలేదు. 2013లో ఏ.జి. నూరానీ గ్రంథము వెలువడిన తరువాత అది విస్తృతముగా చర్చకు వచ్చింది.

నివేదిక బలము దాని నిష్పాక్షికత. రజాకార్ల దుర్మార్గమును దాచలేదు. కొన్ని చోట్ల సైనికులే దోపిడీలో పాల్గొన్నారనీ దాచలేదు. ముస్లిము నేతవారిని కాపాడుటకు హిందూ నేతవారు ప్రాణములకు తెగించిన సంగతిని కూడ వ్రాసింది. అయితే దాని దృష్టి ప్రధానముగా మత హింస మీద నిలిచింది. తెలంగాణములో రైతు దున్నుకుంటున్న భూమి ఎవరిది అనే ప్రశ్న దాని పరిధిలోనికి రాలేదు. సైన్యము వెంట తిరిగి వచ్చిన దొరలు ఆ ప్రశ్నకు తమ జవాబు తామే చెప్పుకున్నారు.

1949లో జాగీర్లు రద్దయినవి. అది మేలైన పని. కాని కార్యాలయములలో బయటి ప్రాంతముల ఉద్యోగులు నిండడముతో స్థానికుల అసంతృప్తి పెరిగి, 1952లో ముల్కీ ఆందోళనగా బయటపడింది, కాల్పులలో విద్యార్థులు మరణించారు. మేముండే అలిపిరి అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిది. ఆ ఉద్యోగులలో అనేకులు మద్రాసు రాష్ట్రము నుండి వెళ్లినవారే గనుక ఈ విమర్శ మనకు కూడ తగులుతుంది. 2003లో ఇరాక్‌ను ఆక్రమించినవారు అక్కడి సైన్యమును ఒక్క ఉత్తరువుతో రద్దుచేసి, జీతము పోయినవారి కోపమును కొని తెచ్చుకున్నారు. ఆక్రమించినంత సులభము కాదు పాలించడము.

నెహెమ్యా కూడ చక్రవర్తి ఉత్తరువుతో, గుఱ్ఱపు రౌతులతో వచ్చిన అధికారియే (2:9). 13వ అధ్యాయములో పరదేశుల పట్ల అతని కాఠిన్యమును మేము సమర్థించము. అయినను 5వ అధ్యాయములో పొలములు తాకట్టుపడిన బీదలు మొఱపెట్టినప్పుడు, శత్రువులు పొంచియున్నారని చెప్పి వారి నోరు మూయించలేదు. ప్రధానులను సభలో నిలదీశాడు. తానును అప్పిచ్చినవాడనేనని ఒప్పుకున్నాడు. పొలములు తిరిగి ఇప్పించాడు. అధికారికి రావలసిన భత్యమును 12 సంవత్సరములు ముట్టలేదు.

హైదరాబాదులో మొఱ వినుటకు మనుష్యులను పంపారు. విన్నదానిని బీరువాలో పెట్టారు. సంఘములో వివాదము ముగిసి క్రొత్త కమిటీ వచ్చినప్పుడు మనము మొదట గోడ కట్టుదుమా, మొఱ విందుమా? విన్నదానిని సభ యెదుట చదువుదుమా? 5వ అధ్యాయమును బోధించే ముందు కాపరులమైన మనము ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.