ముందు నకలు, ఆ తర్వాతే పరిశీలన

కంప్యూటర్లు, ఫోన్లు, పెన్‌డ్రైవ్‌ల వంటి పరికరాలలో ఉన్న సమాచారాన్ని న్యాయస్థానం అంగీకరించగల రీతిలో సేకరించి, భద్రపరచి, విశ్లేషించే విద్యను కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అంటారు. దీనిని నేర్చుకోదలచినవారిలో చాలామందికి చెరిపేసిన ఫైళ్లను వెలికితీయాలనీ పాస్‌వర్డ్‌లను ఛేదించాలనీ ఉబలాటం ఉండటం సహజమే అయినా, అంతకంటే ముందు అలవడవలసింది చేతికి వచ్చిన పరికరాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచగల నిగ్రహం.

పెన్‌డ్రైవ్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలించినప్పుడు, ఎవరూ ఏ ఫైలూ తెరవకపోయినా, ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరాల కోసం అందులో ఏవో వివరాలు రాసుకునే అవకాశం ఉంది. అందువల్ల చదివే ఆదేశాలను పోనిచ్చి రాసే ఆదేశాలను అడ్డుకునే రైట్ బ్లాకర్ అనే సాధనాన్ని మధ్యలో ఉంచి, ఖాళీగా కనిపించే భాగాలతో సహా ప్రతి బిట్‌నూ అదే వరుసలో నకలు తీస్తారు. ఈ నకలునే ఇమేజ్ అంటారు. మూలానికీ ఇమేజ్‌కూ విడివిడిగా హ్యాష్ విలువను, అంటే ఎంత పెద్ద సమాచారాన్నైనా నిర్ణీత నిడివిగల సంఖ్యగా కుదించే గణిత ప్రక్రియ ఫలితాన్ని, లెక్కించి, రెండూ ఒకటేనని చూసుకున్న తర్వాత, పరిశీలన యావత్తూ ఆ నకలు మీదనే సాగుతుంది. ఎండీ5 అనే హ్యాష్ పద్ధతిలో వేర్వేరు సమాచారాలకు ఒకే విలువ రప్పించవచ్చని 2004లోనూ, ఎస్‌హెచ్‌ఏ-1లో కూడా అది సాధ్యమేనని 2017లోనూ పరిశోధకులు నిరూపించారు కనుక, కొత్తవారు మొదటినుంచీ ఎస్‌హెచ్‌ఏ-256నే అలవాటు చేసుకోవడం మేలు.

ఈ విద్యలోని సొగసూ పరిమితీ రెండూ చెరిపేసిన ఒక్క ఫొటోను దగ్గరగా చూస్తే బోధపడతాయి. ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థలో ప్రతి ఫైలుకూ డైరెక్టరీలో 32 బైట్ల నమోదు ఒకటి ఉంటుంది. ఫైలును చెరిపినప్పుడు ఆ నమోదులోని మొదటి బైటు స్థానంలో 229 అనే సంఖ్య చేరుతుందే తప్ప, ఫైలు పరిమాణమూ, అది మొదలయ్యే క్లస్టర్ సంఖ్యా సాధారణంగా అలాగే మిగిలిపోతాయి. క్లస్టర్ అంటే నిల్వ స్థలాన్ని కేటాయించే కనీస భాగం. ఏ క్లస్టర్ తర్వాత ఏది చదవాలో చెప్పే గొలుసు మాత్రం చెరిగిపోతుంది కాబట్టి, ఫొటో వరుస క్లస్టర్లలో ఉండి, వాటిపై మరేదీ రాయకుండా ఉంటే సులువుగా తిరిగి వస్తుంది. ముక్కలుగా చెదిరి ఉంటే ఊహ మీద ఆధారపడవలసి వస్తుంది. డైరెక్టరీ నమోదు కూడా నశించినప్పుడు, జేపెగ్ ఫొటోలు 255, 216, 255 అనే మూడు బైట్లతో మొదలవుతాయన్న ఆనవాలు పట్టుకొని డిస్క్ అంతటా గాలిస్తారు. దీనిని కార్వింగ్ అంటారు. అయితే ఎస్‌ఎస్‌డీలు అనే చిప్ ఆధారిత డిస్క్‌లలో, ఖాళీ అయిన స్థలాన్ని గుర్తుచేసే ట్రిమ్ అనే ఆదేశం వల్ల చెరిపేసిన సమాచారం త్వరలోనే పూర్తిగా పోవచ్చు.

కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్యాట్ వ్యవస్థ స్థానిక సమయాన్ని నమోదు చేస్తే, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని నమోదు చేస్తుంది. ఈ తేడా తెలియనివారి నివేదికలో మన దేశంలో జరిగిన పని ఐదున్నర గంటలు వెనక్కి జరిగి, రాత్రి 2 గంటల ఘటన ముందురోజు ఖాతాలో పడి, నిరపరాధిని దోషిగా చూపే ప్రమాదం ఉంది.

చట్టం కూడా ఈ పద్ధతులకు గట్టి విలువ ఇచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా ప్రవేశపెట్టాలంటే నిర్దేశిత ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో దానినే స్థిరపరచింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. ఒకప్పుడు నిపుణుల అలవాటుగా ఉన్నది ఇలా చట్టం అడిగే అంశంగా మారడం ఎంతో ఆహ్వానించదగిన మార్పు.

సాధనకు ఖరీదైన సరంజామా అక్కరలేదు. ఆటాప్సీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది, ఇంట్లోని పాత పెన్‌డ్రైవ్ సరిపోతుంది. నేర్చుకునేవారు దాని ఇమేజ్ తీసి, హ్యాష్ విలువలు సరిచూసి, చేసిన ప్రతి పనినీ సమయంతో సహా కాగితంపై రాసుకోవాలి. అనుమతి లేకుండా ఇతరుల పరికరాల జోలికి మాత్రం ఎంతమాత్రం పోరాదు.