ఒక చుక్క, ఒక అంకె

ఆపరేషన్ థియేటర్‌లో పొగడ్తలన్నీ కత్తి పట్టిన చేతికే. నేను మెచ్చుకునేది మత్తు డాక్టరు పక్కన నిలబడే టెక్నీషియన్ని. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది చాలాసార్లు అతను చెప్పే హిమోగ్లోబిన్ అంకెను బట్టే తేలుతుంది. 7 గ్రాముల దగ్గర అర గ్రాము తేడా వచ్చినా ఒక సంచి రక్తం అనవసరంగా ఎక్కవచ్చు, కావలసినది ఆగిపోనూవచ్చు.

హిమోక్యూ లాంటి చిన్న యంత్రానికి 10 మైక్రోలీటర్ల రక్తం చాలు, నిమిషంలోపే ఫలితం. తప్పులు చాలావరకు జరిగేది చుక్క తీసేచోటే. ధమనిలో పెట్టిన లైన్ నుంచైతే, గొట్టంలో నిలిచిన సెలైన్ పూర్తిగా లాగేశాకే నమూనా తీయాలి. సిరంజిని మెల్లగా తిప్పి కలపాలి, లేకుంటే కణాలు అడుక్కి దిగుతాయి. రక్తాన్ని పట్టి యంత్రంలో పెట్టే చిన్న పలక, అంటే క్యువెట్, ఒకే విడతలో నిండాలి. బుడగ కనిపిస్తే పారేయాల్సిందే. బయట అంటిన రక్తం తుడవాలి. వేలి నుంచైతే గట్టిగా పిండకూడదు, కణజాల ద్రవం కలిసి అంకె పడిపోతుంది. చల్లబడ్డ వేలిని నమ్మనివాడే మంచి పనివాడు. ఇంత తతంగమూ సర్జన్ "ఎంతొచ్చింది?" అని తొందరపెడుతుండగా!

విద్యుత్ వాహకత్వంతో లెక్కగట్టే యంత్రాల తీరు వేరు. సెలైన్ బాగా ఎక్కి రక్తంలో ప్రోటీన్ పలచబడితే అవి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. అది తెలిసినవాడు ల్యాబుకూ ఒక నమూనా పంపిస్తాడు. ఇంకోటి: అప్పటికప్పుడు ధారగా రక్తం పోయినా అంకె వెంటనే దిగదు, మిగిలిన రక్తం చిక్కదనం అలాగే ఉంటుంది కనుక. అలాంటప్పుడు సక్షన్ సీసాలో ఎంత చేరిందో, మాపులు ఎన్ని తడిశాయో కూడా చూసి డాక్టరు చెవిన వేస్తాడు.